ఫోటోకి మార్కులు

ఫోటో చూసి మార్కులు వేయడం మన ఇళ్లలో కొత్త విద్యేమీ కాదు. పెళ్లి సంబంధానికి ఫోటో పంపమన్నప్పుడల్లా మనవాళ్లు చేసింది అదే. పోస్టులో వచ్చిన కవరు విప్పడం, పిల్ల ఫోటోని కిటికీ దగ్గరికి తీసికెళ్లి వెలుతురులో ఇటూ అటూ తిప్పడం, పిన్నిగారు "కళ ఉంది" అనడం, బామ్మగారు ముక్కు దగ్గర రెండు మార్కులు తగ్గించడం! అటు స్టూడియో ఆయన మాత్రం తక్కువ తిన్నాడా? నెగెటివ్ మీద సన్నటి పెన్సిల్‌తో గీతలు గీసేవాడు. పెన్సిల్ పడిన చోట వెలుతురు తక్కువ దిగి, కాగితం మీద ఆ మేరకు తెల్లబడుతుంది. మొటిమల మచ్చలు మాయం, ఛాయ ఒక మెట్టు పైకి. ఈ సంగతి చూసేవాళ్లకీ తెలుసు. అందుకే ఎంత నచ్చినా, "ఓసారి వెళ్లి పిల్లని చూసొద్దాం" అనేవారు.

ఆ "చూసొద్దాం" అన్న మాట నాకు చాలా విలువైనదిగా కనిపిస్తుంది. ఎందుకంటారా? ప్రపంచంలో పెద్ద పెద్ద ఫోటో పోటీలకి జడ్జీలుగా కూర్చునేవాళ్లకి ఆ వీలు లేదు. వాళ్ల ముందుండేది బొమ్మ ఒక్కటే. దాని వెనకాల ఏముందో పోయి చూసి రాలేరు.

2023లో ఏం జరిగిందో చూడండి. సోనీ పేరు మీద ఏటా జరిగే ప్రపంచ ఫోటోగ్రఫీ పోటీలో, ఒక విభాగంలో బోరిస్ ఎల్డాగ్సెన్ అనే జర్మన్ కళాకారుడికి బహుమతి వచ్చింది. పాతకాలపు నలుపు తెలుపు బొమ్మ. ఇద్దరు ఆడవాళ్లు, ఒకరి వెనక ఒకరు. వెనకున్నావిడ ముందున్నావిడ భుజం పట్టుకుని ఉంటుంది. మన అమ్మమ్మల ట్రంకుపెట్టెలో దొరికినట్టే ఉంటుంది. తీరా లండన్‌లో బహుమతి పుచ్చుకునే వేళకి ఆయన, "నాకొద్దు. ఇది ఫోటో కాదు, కృత్రిమ మేధ తయారుచేసిన బొమ్మ" అనేశాడు. ఇలాంటివి వస్తే పట్టుకోగలరా లేదా అని పరీక్షించడానికే పంపానన్నాడు. నిర్వాహకులేమో, యంత్రం సాయం తీసుకున్నానని ఆయన ముందే చెప్పాడు గానీ ఎంత మేరకో సరిగా చెప్పలేదన్నారు. ఎవరి వాదన ఎలా ఉన్నా, ఆ ఇద్దరాడవాళ్లు ఈ భూమ్మీద ఎప్పుడూ పుట్టలేదన్నది మాత్రం నిజం. ఆ బొమ్మకి ఆయన పెట్టిన పేరుకి అర్థం కూడా అదే: లేని జ్ఞాపకం.

మరుసటి ఏడు, 2024లో, కథ తిరగబడింది. 1839 అవార్డ్స్ అని ఇంకో పోటీ. అందులో యంత్రం చేసిన బొమ్మలకే ఒక విభాగం పెట్టారు. మైల్స్ ఆస్ట్రే అనే ఆయన తలకాయ లేని రాజహంస బొమ్మ ఒకటి పంపాడు. జడ్జీలు మూడో బహుమతి ఇచ్చారు, జనం ఓట్లలో కూడా అదే గెలిచింది. అప్పుడు ఆయన చల్లగా చెప్పాడు, అది నిజమైన పక్షికి తను కెమెరాతో తీసిన ఫోటో అని! పాపం, ఆ పక్షి తల వంచి పొట్ట గోక్కుంటోంది, అంతే. బహుమతి రద్దయింది. యంత్రాన్ని ఫోటో అనుకున్నారు, ఫోటోని యంత్రం అనుకున్నారు. ఇక జడ్జీలు మాత్రం ఏం చేస్తారు చెప్పండి?

ఇదంతా కలికాలం మహిమ అని నిట్టూర్చేముందు, ఆ పోటీ పేరులో ఉన్న 1839 సంగతి కొంచెం చెప్పుకోవాలి. ఫోటోగ్రఫీకి అది పుట్టినరోజు లాంటి సంవత్సరం. ఫ్రాన్సులో డాగ్యురే అనే ఆయన వెండి పూత పూసిన రాగి రేకు మీద వెలుతురుతో బొమ్మ నిలబెట్టే విధానం కనిపెట్టాడు. అక్కడి ప్రభుత్వం ఆయనకి ఏడాదికి 6,000 ఫ్రాంకుల పింఛను ఏర్పాటుచేసి, ఆగస్టు 19న ఆ రహస్యాన్ని లోకానికి విప్పి చెప్పింది.

అదే ఊళ్లో ఇప్పొలిట్ బయార్ అనే చిన్న గుమాస్తా ఉండేవాడు. ఈయన కాగితం మీదే బొమ్మ నిలబెట్టే పద్ధతి సొంతంగా సాధించాడు. డాగ్యురే రహస్యం బయటపడకముందే, జూన్‌లోనే, తన ఫోటోలు ముప్ఫై దాకా జనానికి చూపించాడు కూడా. కానీ పెద్దల మెప్పంతా డాగ్యురేకే పోయింది. కడుపు మండిన బయార్ 1840లో ఏం చేశాడో తెలుసా? చొక్కా విప్పేసి, కళ్లు మూసుకుని, గోడకి జేరబడి తన ఫోటో తానే తీసుకున్నాడు. ప్రభుత్వం డాగ్యురేకి అన్నీ ఇచ్చి తనకి ఏమీ ఇవ్వలేదని, ఆ దిగులుతో నీళ్లలో దూకి చచ్చిపోయిన వాడి శవం ఇదని దాని వెనక రాశాడు! ఎండకి కమిలిన ముఖం, చేతులు ఫోటోలో నల్లగా పడితే, శవం కుళ్లడం మొదలైందని కూడా చమత్కరించాడు. తర్వాత నిక్షేపంగా మరో నలభై ఏడేళ్లు బతికాడు. చరిత్ర రాసేవాళ్లు మొట్టమొదటి దొంగ ఫోటోగా చెప్పేది దీన్నే. అంటే, రావలసిన బహుమతి రాలేదన్న దుఃఖంలోంచే ఫోటోలో అబద్ధం పుట్టిందన్నమాట.

తర్వాత 1857లో ఇంగ్లండులో రెయిలాండర్ ముప్ఫై పైచిలుకు నెగెటివ్‌లు అతికి ఒకే పెద్ద బొమ్మ చేశాడు. మంచి దారి, చెడ్డ దారి అని అందులో రెండు సగాలు. ఒక్కో మనిషినీ విడివిడిగా తీసి, మిగతా కాగితం కప్పి ఉంచి, ముక్క ముక్కగా అచ్చు వేశాడు. ఇన్ని అతుకులేమిటని కొందరు ముఖం చిట్లించారు. విక్టోరియా రాణి మాత్రం ఒక ప్రతి కొనుక్కుంది.

మరి ఇన్ని కల్పనలు మొదట్నించీ ఉన్నప్పుడు, ఇప్పుడు యంత్రాన్ని ఆడిపోసుకోవడం దేనికి? ఈ ప్రశ్న నన్నూ కొంతకాలం వేధించింది. 1887 నాటి ఒక చిన్న తీర్పులో నాకు కాస్త సమాధానం దొరికింది. లండన్‌లో ఒక ఫోటో పత్రిక సెలవుల ఫోటోలకి పోటీ పెట్టింది. జడ్జి డాక్టరు ఎమర్సన్. ఇటలీలో నవ్వుతున్న పిల్లల్ని తీసిన ఒక ఫోటోకి ఆయన మొదటి బహుమతి ఇచ్చాడు. కారణం? వచ్చినవాటిలో సహజంగా, అప్పటికప్పుడు జరిగినట్టున్నది అదొక్కటేనట. తీసినవాడు ఇరవై మూడేళ్ల కుర్రాడు, ఆల్ఫ్రెడ్ స్టీగ్లిట్జ్. తర్వాత అమెరికాలో ఫోటోగ్రఫీకి పెద్దదిక్కయ్యాడు. ఎమర్సన్ మెచ్చుకున్నది అందం ఒక్కటే కాదు. ఆ పిల్లలు ఉన్నారు, నవ్వారు, ఆ క్షణంలో ఒక మనిషి వాళ్లెదుట కెమెరాతో నిలబడ్డాడు. బయార్ నటించాడు నిజమే, కానీ గోడకి జేరబడ్డ ఆ ఒళ్లు నిజం. రెయిలాండర్ అతికాడు, కానీ అతికినవాళ్లంతా ఊపిరున్న మనుషులే.

ఈ తేడా నాకు బాగా బోధపడింది మన భోపాల్ ఫోటో తలుచుకున్నప్పుడు. 1984 డిసెంబరులో విషవాయువుకి బలైన పసిబిడ్డని మట్టిలో పాతుతున్నప్పుడు, ముఖం ఒక్కటే ఇంకా కప్పకుండా ఉన్న క్షణం. దాన్ని పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లో, రఘు రాయ్ నలుపు తెలుపుల్లో తీశారు. పాబ్లో తీసినదానికి ఆ ఏటి వరల్డ్ ప్రెస్ ఫోటో బహుమతి దక్కింది. ఆ బిడ్డ పేరేమిటో, అమ్మ ఎవరో లోకానికి తెలియలేదు. తెరిచి ఉన్న ఆ కళ్లని చూసిన ఏ తల్లీ మర్చిపోలేదు.

ఇలాంటి ఫోటోని రేపు ఎవరో చూసి, "ఆఁ, ఇదీ యంత్రం చేసిందేలే" అని తిప్పేస్తే? నా భయమంతా అదీ. దొంగ బొమ్మని నమ్మితే పోయేది ఒక బహుమతి. నిజమైన దాన్ని నమ్మడం మానేస్తే ఆ బిడ్డ రెండోసారి చనిపోయినట్టే. అందుకే వరల్డ్ ప్రెస్ ఫోటో వాళ్లు ఇప్పుడు చివరి వరుసకి వచ్చినవాళ్లని కెమెరాలోంచి దిగిన అసలు ఫైలు పంపమని అడిగి, నిపుణుల చేత పరీక్ష చేయిస్తున్నారు. యంత్రం సృష్టించిన బొమ్మల్ని రానివ్వడం లేదు. ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ, ఏం జరుగుతుండగా అని ఆరా తీస్తున్నారు.

ఈ ప్రశ్నలకి జవాబులు మన ఆల్బమ్‌లో ఎన్ని ఫోటోలకి ఉన్నాయంటారు? ఫోన్లలో వేలకి వేలు తీస్తున్నాం గానీ, ఫోటో వెనక్కి తిప్పి "చిన్నదాని అన్నప్రాసన, ఫలానా ఊరు, ఫలానా తేదీ, బాబాయి తీసినది" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసిపెట్టిన ఇల్లాలు చేసిన పని ఏ జడ్జి పనికీ తీసిపోదు. ఓ ఆదివారం మధ్యాహ్నం పెద్దవాళ్లని పక్కన కూచోబెట్టుకుని, ఆ పాత ఆల్బమ్ దింపండి. పేర్లు చెప్పగలిగినవాళ్లు మన మధ్య ఉండగానే రాసేసుకుందాం.