పాత రక్తం చెప్పిన సాక్ష్యం

జ్వరం, గొంతునొప్పి, ఒళ్ళునొప్పులు... మామూలు ఫ్లూనే అనుకుని రెండు టైలెనాల్ (మన ఊళ్ళో అయితే క్రోసిన్) వేసుకుని ఆఫీసుకి పోతాం. కానీ మెడకి రెండు పక్కలా బిళ్ళలు కట్టి, ముట్టుకుంటే నొప్పెడుతూ, వారాలు గడిచినా నీరసం వదలకపోతే? కారణాలు చాలానే ఉన్నాయి. గొంతులో బాక్టీరియా చేరినా బిళ్ళలు కడతాయి. ఒక్కోసారి నొప్పెట్టేది బిళ్ళలు కాదు, ముందువైపున్న థైరాయిడ్ గ్రంథి. మెడ వంచలేనంతగా బిగుసుకుపోయి, తలనొప్పి కూడా తీవ్రంగా ఉంటే మెనింజైటిస్ కావచ్చు, అప్పుడు మాత్రం వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాల్సిందే. ఇక్కడ అమెరికాలో కాలేజీ కుర్రకారుని పట్టుకునే 'మోనో' ఇంకొకటి. నాకు నచ్చిన కథ దీనిదే.

1889లో జర్మనీలో ఎమిల్ ఫైఫర్ అనే డాక్టరు దీనికి 'గ్రంథుల జ్వరం' అని పేరు పెట్టాడు. 1920లో జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో స్ప్రంట్, ఎవాన్స్ అనే ఇద్దరు ఇలాంటి రోగుల రక్తంలో వింత తెల్లకణాలు చూశారు. లుకేమియా అని భయపడాల్సిన రక్తమే, కానీ రోగులు తమంతట తామే కోలుకున్నారు! ఇన్ఫెక్షియస్ మోనోన్యూక్లియోసిస్ అన్న పేరు అప్పటిదే. 1932లో పాల్, బన్నెల్ ఈ రోగుల సీరం గొర్రె ఎర్రకణాలని గుంపు కట్టిస్తుందని కనిపెట్టారు. అంటే పరీక్ష దొరికింది, కారణం మాత్రం దొరకలేదు.

ఇక్కడ కథ ఉగాండాకి మళ్ళుతుంది. అక్కడి పిల్లల దవడల్లో వచ్చే ఒక కాన్సర్ గురించి సర్జన్ డెనిస్ బర్కిట్ 1961లో లండన్‌లో ఉపన్యాసమిచ్చాడు. అది విన్న ఆంథొనీ ఎప్‌స్టీన్ ఆ కణితి కణాల్లో వైరస్ కోసం వెతికి, 1964లో సహచరులతో కలిసి పట్టుకున్నాడు. అదే ఎప్‌స్టీన్-బార్ వైరస్. దానికీ మెడ బిళ్ళలకీ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు.

ఫిలడెల్ఫియాలో వెర్నర్, గెర్ట్రూడ్ హెన్లే దంపతులు దీనికి యాంటీబాడీ పరీక్ష తయారు చేశారు. తీరా చూస్తే ఆరోగ్యంగా ఉన్న అమెరికన్లలో కూడా చాలామందికి పాజిటివే! నెగెటివ్ వచ్చిన కొద్దిమందిలో ఒకామె వాళ్ళ లాబ్ టెక్నీషియనే. అందుకే పోల్చి చూడటానికి ఆమె రక్తం వాడేవారు. 1967లో ఆమెకి మోనో వచ్చింది. కోలుకుని తిరిగొచ్చాక పరీక్షిస్తే పాజిటివ్. మా వాళ్ళ భాషలో చెప్పాలంటే సిస్టమ్ క్రాషయింది, ముందు తీసిన బ్యాకప్ చేతిలో ఉంది. ఆమెకి జబ్బు రాకముందు రక్తం తీసి ఉండకపోతే, ఆ పాజిటివ్‌కి అర్థమే లేదు. అయినా ఒక్కరితో ఏం రుజువవుతుంది? యేల్ యూనివర్సిటీలో విద్యార్థుల రక్తం ముందే తీసి దాచి ఉంచారు. తర్వాత మోనో వచ్చిన వాళ్ళ పాత, కొత్త నమూనాలు పోల్చితే అదే జవాబు వచ్చింది. హెన్లేలు 1968లో ప్రకటించారు. ఫైఫర్ నుంచి లెక్కేస్తే 79 ఏళ్ళు.

మరి మన ఊళ్ళలో ఈ పేరు పెద్దగా వినపడదేం? ఇది అంటుకునేది ముఖ్యంగా ఎంగిలి ద్వారా. ఇల్లంతా చంటిపిల్లల్ని ముద్దాడే చోట చిన్నప్పుడే సోకి, పెద్దగా తెలియకుండానే పోతుంది. ఆ వయసులో తప్పించుకుని పదిహేను, ఇరవై ఏళ్ళకి సోకితేనే ఇంత హడావిడి.

అన్నట్టు, ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న అమాక్సిసిలిన్ దీనికి వేసుకోకండి. వైరస్ మీద అది పనిచెయ్యదు సరికదా, మోనో ఉన్నవాళ్ళలో చాలామందికి ఒళ్ళంతా ఎర్రటి దద్దుర్లు తెప్పిస్తుంది.