పోయినవారిని చూడగోరుట

ఇంట నొకరు గతించిన పిదప, వారి ముఖమును మరియొక్కసారి చూచిన చాలునని తలపని మనసుండదు. ఆ కోరికతో మనుష్యులు అద్దములలోనికి, నీటిలోనికి, నూనెలోనికి తొంగిచూచుట నేటిది కాదు.

తెలుగునాట దీనికి దగ్గరి చుట్టము అంజనము. తమలపాకుపైగాని, బొటనవ్రేలి గోటిపైగాని ఆముదముతో మేళవించిన కాటుక పూసి, ఆ నల్లని మెరుగులోనికి ఒక బాలుని చూడుమందురు. వాడు కనబడినది చెప్పును. అయితే అంజనము ముఖ్యముగా పోయిన సొమ్ము జాడకు. పోయిన మనుష్యులకై అద్దము పట్టినవాడు అమెరికా వైద్యుడు రేమండ్ మూడీ. 1990 దశాబ్దమున ఆయన మసక వెలుతురు గదిలో అద్దము నమర్చి, మృతులైన ఆప్తులను చూడగోరువారిని దాని యెదుట కూర్చుండబెట్టెను.

2010లో ఇటలీ మనశ్శాస్త్రజ్ఞుడు జొవాన్ని కపుటో ఒక పరిశోధన ప్రకటించెను. 50 మంది మసక వెలుతురులో పది నిమిషములు అద్దమున తమ ముఖమునే చూచిరి. పెక్కుమందికి అది వికృతమైనట్లు తోచెను. కొందరికి మరణించిన తల్లియో తండ్రియో కనబడిరి. కదలని చూపునకు రూపము చెదరును. చెదరిన చోటును మనసు తా నెఱిగిన ముఖముతో పూరించును. చూచినవాడు కల్లలాడుట లేదు. కనబడినది వాని జ్ఞాపకమే. దుఃఖములో నున్నవారికి దానిని వెలకట్టి అమ్మువాడే దోషి.

జ్ఞాపకమును ఒంటరిగా చూచుట యొకటి, నలుగురితో పంచుకొనుట మరియొకటి. ఉత్తర తెలంగాణమున ఈ రెండవ త్రోవ బాగుగా నలిగినది. పెత్రమాసనాడు పెద్దల పేర బియ్యము, కూరగాయలు దానమిత్తురు. ఆ సాయంకాలమే ఎంగిలిపూల బతుకమ్మ. పూర్వపు కరీంనగరము జిల్లాలోని కాళేశ్వరమున, ప్రాణహిత గోదావరిని కలియుచోట, పితృకార్యములు జరుగును.

ఆదిలాబాదు గోండులలో మెస్రం వంశమువారు పుష్యమాసమున కాలినడకన పోయి, కలమడుగు సమీపమున గోదావరి జలము తెత్తురు. కేస్లాపూరు మర్రిచెట్ల నీడన, వంశమున మరణించినవారికి తూం పూజ సలుపుదురు. పిదప నాగోబా జాతర. ఆ జాతరలోనే క్రొత్త కోడండ్రను దేవునికి పరిచయము చేయు బేటింగు. గతించినవారికి వీడ్కోలు, వచ్చినవారికి స్వాగతము ఒకే చోట.

అద్దము ఒక్కరికే ముఖము చూపును. పదిమంది కూడినచోట పోయినవారి పేరు పదినోట వినబడును. దుఃఖితులకు మేము చూపగలిగిన త్రోవ ఇదియే.