ఆమెను అడగని రక్షణ

థాలిడోమైడ్‌ను 1961లో జర్మనీ మార్కెట్ నుంచి తీసేశారు. వేవిళ్లకు ఆ మాత్రలు వాడిన తల్లులకు వేలాదిమంది బిడ్డలు అవయవ లోపాలతో పుట్టారు. గర్భంపై ప్రభావాన్ని ముందే సరిగా పరీక్షించకపోవడం వల్ల వచ్చిన విషాదమది. నేర్చుకున్న పాఠం మాత్రం తలకిందులైంది. 1977లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ, గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీలను తొలిదశ ప్రయోగాలకు దూరంగా ఉంచమంది. 1993లో ఆ నిబంధన సడలినా గర్భిణులు చాలావరకు బయటే మిగిలారు.

2021 జనవరి 16న మన దేశంలో కోవిడ్ టీకాలు మొదలయ్యాయి. ప్రయోగాల్లో లేరన్న కారణంతో గర్భిణులకు వెయ్యలేదు. తొలి వరుసలో ఉన్న నర్సులు, ఆశా కార్యకర్తల్లోని గర్భిణులకూ అంతే. మేలో పిల్లలపై కోవాగ్జిన్ ప్రయోగానికి అనుమతి వచ్చింది. గర్భిణులకు టీకా అనుమతి జూలై 2న గానీ రాలేదు. అప్పటికి రెండో ఉధృతి చాలావరకు తగ్గిపోయింది.

ఆమెను అడగకుండా ‘వద్దు’ అనడమూ ఆమె దేహంపై ఇతరులు తీసుకున్న నిర్ణయమే.