అడిగే క్రియకు పూర్వచరిత్ర

మెట్ల దగ్గర బరువు దించుకుని ఆయాసపడుతున్న పెద్దాయనతో స్పానిష్ కుర్రాడు "కియేరే కె లె అయూదే?" అంటాడు. సాయం చెయ్యమంటారా అని. "సాయం చేస్తాను" అని వట్టి సంగతిగా చెబితే అది "అయూదో". చివరి అచ్చు మారి "అయూదే" కాగానే క్రియ సబ్జంక్టివ్ అయింది. పని జరుగుతుందని ఇక అది చెప్పదు. ఎదుటివారి ఇష్టానికి వదిలేస్తుంది.

ఈ అడిగే తీరు స్పానిష్ కన్నా చాలా పాతది. క్రీ.పూ. 184 ప్రాంతంలో మరణించిన రోమన్ నాటకకర్త ప్లౌటస్ హాస్యనాటకాల్లో పాత్రలు "విన్" (కోరుకుంటావా) అని, ఆ వెంటనే ఒక సబ్జంక్టివ్ క్రియ చేర్చి, నన్ను ఫలానా పని చెయ్యమంటావా అని అడుగుతాయి. స్పానిష్‌కు వచ్చేసరికి కోరికను చెప్పే క్రియ మారింది, నడుమ "కె" చేరింది. అమరిక మాత్రం చెక్కుచెదరలేదు.

రోమన్ వక్త సిసెరో ఉత్తరాల్లో మిత్రులను ఏదైనా కోరేటప్పుడు "వెలిమ్" (కోరుకుంటాను) అన్నమాట తరచూ కనిపిస్తుంది. ఆ రూపం ఇంకా వెనక్కి, కోరికను తెలిపే ఇండో-యూరోపియన్ క్రియారూపం దాకా వెళుతుంది. అక్కడ మనకు తెలిసిన చుట్టం ఎదురవుతుంది: సంస్కృత విధిలిఙ్. "ఉండుగాక" అనే అర్థమిచ్చే ప్రాచీన లాటిన్ "సియెత్", సంస్కృత "స్యాత్" ఒకే మూలం నుంచి వచ్చినవి. లిఙ్ వాడే సందర్భాలను పాణిని లెక్కపెడుతూ ఆజ్ఞతో పాటు ఆహ్వానాన్ని, గౌరవంగా పని కోరడాన్ని, ఇది చెయ్యనా అది చెయ్యనా అనే సంప్రశ్నను, ప్రార్థనను ఒకే సూత్రంలో చేర్చాడు. స్పానిష్ సబ్జంక్టివ్ మర్యాదను వివరించడానికి ఇంతకంటే మంచి పట్టిక నాకు కనబడలేదు.

"మీరు" అనే అర్థంలో వాడే "ఉస్తేద్" పదిహేడో శతాబ్దంలో కుదురుకుంది. "వుయెస్త్ర మెర్సేద్", అంటే "తమ దయ", అరిగి అరిగి అలా అయింది. దయను ఉద్దేశించి మాట్లాడుతున్నారు కాబట్టి క్రియ ప్రథమ పురుషలో ఉంటుంది. ఆ పురుషకు సొంత ఆజ్ఞారూపం లేదు. అందుకే "లోపలికి రండి" అనే "పాసే" కూడా సబ్జంక్టివే.

అన్నిటికన్నా వింతైన చరిత్ర "కిసియేరా"ది. దుకాణంలో ఏదైనా కావాలని మెత్తగా అడగడానికి వాడే ఈ మాట మొదట సబ్జంక్టివే కాదు. లాటిన్ "క్వైసివెరామ్" దీని మూలం. "అప్పటికే వెతికి ఉన్నాను" అని దాని అర్థం, అచ్చమైన భూతకాలం. 1207 నాటి ప్రతి ఆధారంగా మనకు దక్కిన పాత స్పానిష్ "మియో సిద్" కావ్యంలో ఇలా "రా"తో ముగిసే రూపాలు ఇంకా ఆ పాత అర్థంలో కనిపిస్తాయి. క్రమంగా అవి "అలా అయి ఉంటే" అనే షరతు వాక్యాల్లోకి జరిగి, అక్కణ్ణుంచి సబ్జంక్టివ్‌లో స్థిరపడ్డాయి. కోరికను గతంలోకి నెట్టి చెప్పడం వల్ల అడగడంలోని ఒత్తిడి తగ్గుతుంది. ఆ మెత్తదనం అలా వచ్చిందే.

ఇదే క్రియకు లాటిన్ సబ్జంక్టివ్ నుంచి నేరుగా దిగివచ్చిన జంట రూపం "కిసియేసే" ఇక్కడ చెల్లదు. దుకాణదారుణ్ణి అలా అడిగితే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. లాటిన్ అమెరికాలో మామూలు మాటల్లో ఆ "సే" రూపాలు చాలా అరుదైపోయాయి. బయటి నుంచి వచ్చిన "రా" దాదాపు మొత్తం చోటును ఆక్రమించుకుంది.