హాలే నగరమున తెలుగు అచ్చు

జర్మనీ చూచివచ్చినవారి నోట కొన్ని పేర్లు తప్పక వినిపిస్తాయి. బెర్లిన్‌లో బ్రాండెన్‌బర్గ్ ద్వారము, కొలోన్‌లో 157 మీటర్ల ఎత్తున నిలిచిన జంట శిఖరాల దేవాలయము, మ్యూనిక్ పురభవనపు గడియారంలో ఆడే బొమ్మలు. అన్నీ చూడదగినవే. కాని తెలుగువాడు ఆ దేశంలో ముందుగా చూడవలసిన ఊరు వేరొకటి ఉన్నదని నా మనవి. జాలె నదీతీరాన, లైప్‌జిగ్‌కు ముప్పై కిలోమీటర్ల పైచిలుకు దూరాన ఉన్న హాలే అది. తెలుగు అక్షరము అచ్చు పుస్తకమై తొలిసారి వెలువడినది ఆ నగరములోనే.

ఆ పని చేసినవాడు బెంజమిన్ షుల్జ్ (1689-1760) అనే క్రైస్తవ మతబోధకుడు. 1719లో తరంగంబాడి చేరాడు. 1726లో మదరాసుకు మకాం మార్చి తెలుగు నేర్చాడు. 1728 నాటికి లాటిన్ భాషలో తెలుగు వ్యాకరణము వ్రాశాడు. 1743లో స్వదేశానికి తిరిగివెళ్లి హాలేలో స్థిరపడి, అక్కడ తెలుగు అచ్చులు పోత పోయించి, 1746, 1747 సంవత్సరాలలో చిన్న చిన్న మతగ్రంథాలు ముద్రింపించాడు. ఆయన ఉద్దేశము మతప్రచారమే గాని సాహిత్యసేవ కాదు. అయినను, తాటాకు మీద గంటము నడుస్తున్న కాలంలో మన వర్ణమాలకు సీసపు రూపము వచ్చిన మాట వాస్తవము. తెలుగునాట అచ్చు పుస్తకము చూడడానికి ఆ పిమ్మట అర్ధశతాబ్ది పైగా పట్టింది.

ఇక నగరదర్శనము. సంతవీధి నడుమ ఐదు శిఖరాలు కనబడతాయి. నాలుగు అక్కడి చర్చివి, ఐదవది 84 మీటర్ల ఎర్ర గోపురము. ఆ చర్చిలో మార్టిన్ లూథర్ మరణానంతరం తీసిన ముఖపు అచ్చు భద్రపరచి ఉన్నది. 1685లో అదే ఊర పుట్టిన సంగీతవిద్వాంసుడు హాండెల్ విగ్రహము, 1859లో నెలకొల్పినది, చౌకు మధ్యనే ఉన్నది.

అక్కడినుండి కొద్దిదూరము నడిస్తే ఫ్రాంకే విద్యాసంస్థలు. ఫ్రాంకే అనే ఆచార్యుడు 1698లో అనాథ బాలల కోసం ఆ భవనానికి పునాది వేశాడు. బడులు, మందులశాల, ముద్రణాలయము క్రమంగా చేరాయి. షుల్జ్‌ను మనవైపు పంపిన కార్యానికి ఊపిరి పోసినది ఆ ప్రాంగణమే. ఆరంతస్తుల కొయ్యకట్టడము, 1728 నాటి గ్రంథాలయము, మేడ పైభాగాన మూడువేల వస్తువుల వింతల గది నేటికీ ఉన్నాయి. ఆ గదిలోని వస్తువులలో భారతదేశంనుండి మతబోధకులు పంపినవి కూడా ఉన్నాయి. తూర్పు జర్మనీ కాలంలో శిథిలమైన ఆ భవనాలను 1990 తరువాత బాగుచేసి నిలబెట్టుకున్నారు.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. షుల్జ్ వ్యాకరణము వ్రాతప్రతిగానే ఉండిపోయి, 256 ఏండ్లకు 1984లో హాలేలోనే అచ్చయింది. కేరీ వ్యాకరణము 1814లో, క్యాంబెల్ వ్యాకరణము 1816లో వచ్చాయి గనుక మన పాఠాలు సాధారణంగా అక్కడే మొదలవుతాయి. బ్రౌన్ దొర పేర కడపలో గ్రంథాలయము కట్టుకున్నాము. అది మన కృతజ్ఞత, ఉచితమే. కాని కేరీకి 86 ఏండ్లు ముందే మన విభక్తులతో, క్రియారూపాలతో కుస్తీపట్టిన పరదేశి మాట పాఠ్యపుస్తకంలో ఒక్క వాక్యమైనా ఉండవద్దా? అచ్చుకాని గ్రంథము ఎంత గొప్పదైనా లోకానికి లేనట్లే. మన ఊళ్లలో అటకలమీద చెదపడుతున్న తాటాకు కట్టల గతి కూడా ఇంతే.

2016 దాకా పాలమూరు జిల్లాలో ఉండిన మా షాద్‌నగర్ వంటి ఊళ్ల బిడ్డలకు కూడా నేడు జర్మనీ చదువులు అందరానివి కావు. లైప్‌జిగ్‌కో బెర్లిన్‌కో వెళ్లే మిత్రులు ఒక్క పూట హాలేలో దిగండి. ఆ గ్రంథాలయపు గడప దగ్గర నిలిచి, మన "అ ఆ"లు ఇక్కడ కూడా కొన్నాళ్లు బ్రతికినవని ఒకసారి తలచుకోండి.

స్వస్తి.