కిటికీ అద్దం మీద వ్రాసిన సాక్ష్యము



"మీదే ఊరు?" అని ఎవరైనా అడిగితే, జవాబు చెప్పేటప్పుడు మన ముఖం కాస్త వెలుగుతుంది. పుట్టిన గడ్డ మీద అభిమానం అందరికీ ఉంటుంది. అయితే ఆ అభిమానం ఎప్పుడు మంచిది? ఎప్పుడు అది వట్టి అతిశయముగా మారుతుంది? ఈ ప్రశ్నను మనసులో పెట్టుకొని నాతో కూడ స్కాట్లాండ్ దేశానికి రండి.

స్కాట్లాండ్ బ్రిటన్ ద్వీపానికి ఉత్తర భాగం. కొండలు, సరస్సులు, సముద్రపు దీవులు గల చలిదేశం. మనవాళ్ళు ఒకప్పుడు తెల్లదొరలందరినీ ఇంగ్లీషు దొరలే అన్నారు. కాని స్కాట్లాండ్ మనిషిని ఇంగ్లీషువాడవు అంటే ఒప్పుకోడు. ఆ పట్టుదల ఏడు వందల సంవత్సరాల నాటిది.

1314 జూన్ నెలలో బానక్‌బర్న్ అనే చోట స్కాట్లాండ్ రాజైన రాబర్ట్ బ్రూస్, తన సైన్యముకంటె ఎంతో పెద్దదైన ఇంగ్లాండు సైన్యాన్ని ఓడించాడు. ఆ తరువాత, 1320 ఏప్రిల్ 6వ తేదీతో, ఆ దేశపు ప్రభువులు పోపుగారికి లాటిన్ భాషలో ఒక ఉత్తరం పంపారు. దానినే ఆర్‌బ్రోత్ ప్రకటన అంటారు. తమలో నూరుమంది మిగిలినా ఇంగ్లాండుకు లోబడము అన్నది దాని సారాంశం. అంతే కాదు, తమ రాజే దేశాన్ని ఇంగ్లాండుకు అప్పగించ చూస్తే, అతనిని వెళ్ళగొట్టి వేరొకనిని రాజుగా చేసుకుంటామని కూడ అందులో చెప్పారు. రాజుకంటె దేశం గొప్పదని దాని భావము.

మంచి మాట. కాని దేశం అంటే ఎవరు? ఆ ఉత్తరానికి వేసిన ముద్రలు ప్రభువులవి. పొలం దున్నేవాని ముద్ర అందులో లేదు. ఈ సంగతి జ్ఞాపకముంచుకోండి.

ఉత్తరాన ఉన్న కొండసీమను హైలాండ్స్ అంటారు. అక్కడివారు గేలిక్ భాష మాట్లాడేవారు, క్లాన్ అనబడే తెగలుగా జీవించేవారు. కాగితాల ప్రకారం భూమి తెగ పెద్దది. అయినా జనం నమ్మకం వేరు. తరతరాలుగా ఇక్కడ బ్రతికాము, పెద్ద పిలిచినప్పుడెల్లా కత్తి పట్టుకొని వెళ్ళాము, గనుక ఈ నేల మీద మాకూ హక్కు ఉన్నది అనుకున్నారు. గేలిక్ భాషలో ఆ హక్కును దూఖస్ అంటారు. బైబిలు చదివేవారికి ఇది క్రొత్త సంగతి కాదు. యెజ్రెయేలులో నాబోతు తన పితరుల స్వాస్థ్యమైన ద్రాక్షతోటను అహాబు రాజుకు ఎందుకు ఇవ్వనన్నాడో తెలిసినవారికి దూఖస్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

1707లో స్కాట్లాండ్ పార్లమెంటు ఇంగ్లాండు పార్లమెంటుతో కలిసిపోయింది. 1746లో స్టూవర్ట్ వంశపు రాకుమారుని పక్షంగా లేచిన హైలాండ్ సైన్యం కలోడెన్ వద్ద ఓడిపోయింది. ప్రభుత్వం కొండవారి కిల్ట్‌ను, టార్టన్ అనే గళ్ళబట్టను నిషేధించింది. ఆ నిషేధం 1782 వరకు ఉన్నది. తెగ పెద్దలు న్యాయాధికారం పోగొట్టుకొని వట్టి భూస్వాములయ్యారు. ఇక వారికి కత్తి పట్టే మనుషులతో పని లేదు, డబ్బుతో పని. చిన్న రైతులు కట్టే శిస్తుకంటె గొఱ్ఱెల వ్యాపారులు ఇచ్చే కౌలు ఎక్కువ. మనుషులను పంపివేసి గొఱ్ఱెలను తెచ్చారు.

సదర్లాండ్ ప్రాంతంలో వేలమందిని ఇండ్లనుండి వెళ్ళగొట్టారు. 1814లో స్ట్రాత్‌నేవర్ లోయలో ఇండ్లకు నిప్పు పెట్టారు. దాని విషయమై నేరం మోపబడిన ఎస్టేటు ఉద్యోగి పాట్రిక్ సెల్లర్‌ను 1816లో న్యాయస్థానం నిర్దోషి అని విడిచిపెట్టింది. కొందరు సముద్రపు ఒడ్డున చేపలు పట్టి బ్రతికారు, కొందరు ఓడలెక్కి కెనడాకు పోయారు.

ఆ కాలంలోనే, 1822లో, నాలుగవ జార్జి రాజు ఎడింబరో పట్టణానికి వచ్చాడు. రచయిత వాల్టర్ స్కాట్ ఏర్పాట్లు చేశాడు. రాజు స్వయంగా కిల్ట్ ధరించాడు. అప్పటినుండి కొండవారి గళ్ళబట్ట దేశమంతటికీ గౌరవ చిహ్నమైంది. చూడండి! గళ్ళబట్టకు రాజసన్నిధిలో చోటు దొరికింది. దానిని నేసి కట్టుకున్న జనానికి సొంత లోయలో చోటు లేకపోయింది. అభిమానం అతిశయముగా మారేది ఇక్కడే.

1845లో గ్లెన్‌కాల్వీ అనే లోయవారి వంతు వచ్చింది. ఇండ్లు పోయిన దాదాపు 80 మంది క్రోయిక్ అనే చిన్న దేవాలయపు ఆవరణలో, సమాధుల మధ్య, పైన గుడ్డలు కప్పుకొని తలదాచుకున్నారు. లోపలికి వెళ్ళలేదు. బయట నిలబడి, కిటికీ అద్దాల మీద తమ సంగతి గీసి వ్రాశారు. ఆ అక్షరాలు నేటికీ ఉన్నాయి. వాటిలో ఒకచోట గ్లెన్‌కాల్వీ జనం దుష్టతరము అని ఉన్నది. తమ ఇల్లు కూల్చినవానిని వారు నిందించలేదు, తమ పాపమువలననే ఇది జరిగింది అనుకున్నారు!

వారికి ఆ మాట ఎవరు నేర్పారు? చెప్పడానికి బాధగా ఉన్నది. 1712 చట్టం ప్రకారం సంఘకాపరిని ఎన్నుకునే హక్కు ఎక్కువగా భూస్వామి చేతిలో ఉండేది. గనుక కాపరులలో అనేకులు నోరు మెదపలేదు. ఇది మీ పాపమునకు శిక్ష అని జనంతో చెప్పినవారు కూడ ఉన్నారు. అందరూ అలా లేరు. 1843 మే నెలలో 450 మందికి పైగా కాపరులు ఆ ఏర్పాటుకు లోబడక, జీతాలు, ఇండ్లు విడిచి ఫ్రీ చర్చ్‌గా ఏర్పడ్డారు. స్ట్రాన్షియన్ అనే ఊరిలో భూస్వామి వారికి గుడి కట్టుకోవడానికి జానెడు స్థలం ఇవ్వలేదు. అప్పుడు వారు ఏమి చేశారో తెలుసా? 1846లో ఇనుముతో నీటిమీద తేలే దేవాలయం కట్టించి, సునార్ట్ అనే సముద్రపు పాయలో లంగరు వేసి ఆరాధించారు. సొంత దేశంలో నేల దొరకని సంఘము నీళ్ళ మీద నిలిచింది.

1882లో స్కై దీవిలోని బ్రేస్ ఊరివారు తమవారిని అరెస్టు చేయడానికి వచ్చిన పోలీసులను ఎదిరించారు. మరుసటి సంవత్సరం ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. దాని అధ్యక్షుడు లార్డ్ నేపియర్. ఆయన మనకు పరాయివాడు కాదు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న దినములలో, 1866 నుండి 1872 వరకు మద్రాసు గవర్నరుగా ఉన్నవాడు. బ్రేస్‌లో మొదటి సాక్షి ఆంగస్ స్టూవర్ట్ లేచి, నిజం చెప్పినందుకు నన్ను భూమినుండి తీసివేయరని హామీ ఇవ్వండి, అప్పుడే మాట్లాడతాను అన్నాడు. ఆర్‌బ్రోత్‌లో ప్రభువులు స్వేచ్ఛను గూర్చి వ్రాసిన 563 సంవత్సరాల తరువాత, ఒక రైతు నిజం పలకడానికి భయపడవలసి వచ్చింది!

అయినా అతడు పలికాడు. వందలమంది పలికారు. 1886లో చట్టం వచ్చింది. శిస్తు కట్టినంతకాలం చిన్న రైతును ఊరకే తీసివేయకూడదు, శిస్తు న్యాయంగా ఉండాలి, వాని తరువాత వాని వారసునికి ఆ హక్కు చెందాలి అని నిర్ణయించారు. 1993లో ఆసింట్ రైతులు, 1997లో ఎయిగ్ దీవివారు చందాలు పోగుచేసి తమ నేలను తామే కొనుక్కున్నారు. 1999లో ఎడింబరోలో పార్లమెంటు మరల తెరిచారు. 2014లో ప్రత్యేక దేశం కావాలా అని ఓటు వేయగా నూటికి 55 మంది వద్దన్నారు, 45 మంది కావాలన్నారు. ఆ వాదము ఇంకా ముగియలేదు. దానికి తీర్పు చెప్పవలసినది ఆ దేశస్థులే.

ప్రియులారా, జెండా, పాట, గళ్ళబట్ట చెడ్డవి కావు. కాని స్కాట్లాండ్ గౌరవాన్ని నేను వాటిలో వెదకను. నీళ్ళ మీద తేలిన ఆ దేవాలయంలో, భయపడుతూనే నిజం చెప్పిన ఆంగస్ మాటలో వెదకుతాను. క్రోయిక్ అద్దాలను మార్చివేయకుండా, తమ దేశపు అవమానాన్ని వచ్చినవారందరికీ చూపించే ధైర్యంలో కూడ వెదకుతాను.

మన ఊరినిగూర్చి, మన సంఘమునుగూర్చి గొప్పగా చెప్పుకునే ముందు ఒక్కసారి కిటికీ బయటికి చూద్దామా? అక్కడ ఆవరణలో ఎవరైనా నిలబడి, లోపలికి రావడానికి జంకుతూ, అద్దం మీద ఏదైనా వ్రాస్తున్నారేమో.