ఇంటిబడి: ఇసుక అక్షరము మొదలు వీడియో పాఠము వరకు

1822 జూను 25వ తేదీన చెన్నరాజధాని గవర్నరు సర్ థామస్ మన్రో తన ఏలుబడిలోని జిల్లాలన్నిటినుండి బడుల లెక్కలు తెప్పింప నిశ్చయించెను. ఎన్ని బడులున్నవి, ఎందరు చదువుచున్నారు, ఏమి చదువుచున్నారు అని కలెక్టర్లను అడిగిరి. వచ్చిన జవాబులను క్రోడీకరించి 1826 మార్చి 10న అతడు వ్రాసిన నివేదికలో 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును లెక్కకు వచ్చిరి. ఈ సంఖ్యలను మనవారు పలుమారు ఉదాహరించియున్నారు. కాని అదే నివేదికలోని మరియొక మాట మన బోటి పొరుగునాటి తెలుగువారికి ఇంతకన్న ముఖ్యమైనది. చెన్నపట్టణమున ఇండ్లలోనే చదువుకొను పిల్లలు 26 వేలకు పైగా ఉన్నారనియు, వారు బడులకు పోవువారికన్న ఐదు రెట్లకు మించియున్నారనియు తేలినది. మన్రో ఈ సంఖ్యను పూర్తిగా నమ్మలేదు. ఎక్కడనో పొరపాటు జరిగియుండునని తలచెను. అయినను, బంధువులచేతనో, ప్రత్యేకముగా కుదుర్చుకొన్న పంతులుచేతనో పిల్లలకు ఇంటివద్ద చదువు చెప్పించు ఆచారము దేశమున ఏ భాగమునందును అరుదు కాదని ఒప్పుకొనెను. కలెక్టర్ల జాబులను ధరంపాల్ గారు 1983లో గ్రంథరూపమున వెలువరించినందున నేడు మనవంటివారుకూడ వానిని చదువగలుగుచున్నాము.

ఇంటివద్ద చదువునకు ఇప్పుడు ‘హోంస్కూలింగు’ అను పేరు వచ్చినది. ఆటవస్తువులతో, కంప్యూటరు ఆటలతో, వీడియోలతో పిల్లలకు తల్లిదండ్రులే పాఠము చెప్పుట క్రొత్త సంగతియని పలువురు భావించుచున్నారు. పిల్లలను బడికి పంపకయే చదివించు కుటుంబములు మనలో బహుకొద్ది. మనవారి పిల్లలు బడికి పోవుదురు. అక్కడ తమిళమో, కన్నడమో, ఒడియాయో, మరాఠీయో, ఇంగ్లీషో చదువుదురు. తెలుగు మాత్రము ఇంటిలో నేర్వవలసినదే. ఈ అర్థమున మన ఇండ్లన్నియు తరతరములుగా ఇంటిబడులే. ఆ బడిలో ఏ పరికరములతో ఏమి నేర్పిరి, ఏమి నేర్పలేకపోయిరి అనునదే ఈ వ్యాసమున నేను విచారింపదలచినది.

మన్రో ప్రశ్నలకు వచ్చిన జవాబులలో మిక్కిలి విపులమైనది 1823 ఆగస్టు నాటి బళ్లారి కలెక్టరు ఎ. డి. కాంప్‌బెల్ జాబు. ఇతడు 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించిన పండితుడు. కనుక బడులను దూరమునుండి చూచి వ్రాసినవాడు కాడు. ఆ జిల్లాలో 533 బడులుండగా అందు కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. అప్పటి బళ్లారి జిల్లాలో నేటి అనంతపురము ప్రాంతమును చేరియుండెనన్న సంగతి మరువరాదు. 1953లో మైసూరు రాష్ట్రమున చేరిన బళ్లారికే ఈ తెలుగు బడులన్నియు చెందినవని అనుకొన్నచో తప్పగును. అయినను ఒకే సీమలో రెండు భాషల బడులు ఇంచుమించు సరిసమానముగ సాగినవనుట స్పష్టము.

కాంప్‌బెల్ చెప్పిన బోధనా విధానము చదువదగినది. బాలుడు మొదట అక్షరములను నోటితో వల్లించుట కాదు, నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో వ్రాయుట. ఉదయమున అందరికన్న ముందు బడికి వచ్చినవాని అరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవానికి సున్న, అనగా మెప్పును లేదు, తప్పును లేదు. మూడవవానికి మెల్లగా ఒక దెబ్బ, నాలుగవవానికి రెండు, ఆ పిదప వచ్చినవారికి ఒక్కొక్కటి ఎక్కువ. దెబ్బలమాట అటుంచిన, ఇది పిల్లవాని పంతమును చదువునకు త్రిప్పిన ఆటయే. ఇసుకలో వ్రాయించుటను చెన్నపట్టణమున చూచిన ఆండ్రూ బెల్ దొర దానిని తన అనాథశాలలో ప్రవేశపెట్టి, 1797లో ఆ విధానమును గూర్చి ఇంగ్లండున పుస్తకము ప్రకటించెను. 1939లో అడయారునకు వచ్చిన మరియా మాంటిసోరీ తన శిక్షణలో గరుకు కాగితపు అక్షరములను వ్రేలితో తడిమించెను. మన అరుగులమీది ఇసుక ఆమెకు తెలియకపోయినను, వ్రేలికి చదువు చెప్పుట అను తత్త్వము రెండింటను ఒకటియే.

కాని కాంప్‌బెల్ ఒక లోపమునుకూడ దాచక చెప్పెను. బడులలో చదివించునవి పద్యకావ్యములు. వాని భాష ఇంటి భాషకు దూరమైనది. పిల్లలు చిలుకవలె వల్లించుదురే కాని అర్థమెరుగరు. మరియొకటి: 6,641 మంది విద్యార్థులలో బాలికలు 60 మంది మాత్రమే. తక్కిన ఆడుపిల్లలు ఏమి నేర్చిరి? వారి చదువుకు రికార్డు లేదు. వారి బడి వంటయింటి వసారాలోనే ఉండెను. ఆ బడిలోని పరికరములు గవ్వలు, చింతగింజలు, పొడుపుకథలు.

వామనగుంటలనే తీసికొందము. వరుసకు ఏడు చొప్పున రెండు వరుసల గుంటలు. ఒక గుంటలోని గింజలను చేతికెత్తి తరువాతి గుంటలలో ఒక్కొక్కటిగ విడుచుచు పోవలెను. చివరి గింజ పడిన పిమ్మట ఎదురగు గుంట ఖాళీయైనచో దాని ప్రక్క గుంటలోని గింజలు ఆటగత్తెవి. ఏ గుంటనుండి ఎత్తినచో ఎక్కడ ముగియునో ముందుగనే మనసున లెక్కించుకొనని పిల్ల గెలువలేదు. ఇదే ఆటను తమిళులు పల్లాంగుళియనియు, కన్నడిగులు అళగుళి మణెయనియు అందురు. ఆట మూడు భాషలవారిది; లెక్క మాత్రము ఇంటిభాషలో సాగును. హోసూరు ప్రాంతమున నేనెరిగిన ఇండ్లలో బడిలో తమిళమున ఎక్కములు చదువు పిల్లలు గుంటలముందు కూర్చొనినంతనే ‘ఒకటి, రెండు’ అని ఎంచుట చూచితిని. అష్టాచెమ్మాలో నాలుగు గవ్వల పాటును, పులిజూదములో మూడు పులులు పదునైదు మేకల ఎత్తును ఇట్టివే. ఇవి చిలుక చదువులు కావు. అర్థము తెలియక పద్యము వల్లింపవచ్చును గాని, అర్థము తెలియక పులిని కట్టివేయుట సాధ్యము కాదు.

ఈ ఇంటిబడి నేర్పలేకపోయినది లిపి. తెలుగు వీథిబడులు మూతపడినచోట ఆటలు మాటను కాపాడినవి, అక్షరమును కాపాడలేకపోయినవి. కోవిల్‌పట్టి చేరువనున్న ఇడైసేవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ ఇందుకు గొప్ప నిదర్శనము. తెలుగు మాటలాడు కమ్మవారింట పుట్టి, తెలుగువారి వలసకథను నవలగ వ్రాసి, 1991లో సాహిత్య అకాడమీ బహుమానము నందిన ఆయన వ్రాసినదంతయు తమిళమున. ఇది నిందగా చెప్పుట లేదు. తమిళమునకు అది లాభము. మన కథ మన లిపిలో వ్రాయబడకపోవుట మాత్రము మనము గమనింపదగిన సంగతి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, సవర పిల్లలకు సవరభాషలోనే చదువు చెప్పవలెనని తన సొమ్ముతో బడులు పెట్టించిన గిడుగు రామమూర్తి పంతులుగారు, 1936లో ఆ ఊరు ఒరిస్సా రాష్ట్రమున చేరగా రాజమహేంద్రవరమునకు తరలిపోయిరి. ఇంటిమాటకును పుస్తకపుమాటకును నడుమనున్న అగాధమును ఆయనంత స్పష్టముగ చూచినవారు లేరు. యానాము సంగతి వేరు. ఫ్రెంచివారి ఏలుబడి 1954లో ముగియువరకును ఆ తరువాతను ఊరంతయు తెలుగే గనుక ఇంటికి ఈ భారము లేదు.

బొమ్మ కదలుచు పాఠము చెప్పు కాలము మన గ్రామములకు 1975 ఆగస్టు 1న వచ్చినది. అమెరికా ఉపగ్రహము సాయముతో ఒక సంవత్సరముపాటు ఆరు రాష్ట్రములలోని సుమారు 2,400 గ్రామములకు టెలివిజను పాఠములు ప్రసారమైనవి. ఉదయము బడిపిల్లలకు, సాయంకాలము పెద్దలకు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒరిస్సాలు ఆ ఆరింటిలోనివే. కాని ఆంధ్రగ్రామములకు తెలుగు, కర్ణాటక గ్రామములకు కన్నడము, ఒరిస్సాకు ఒడియా అని ఏర్పాటు. రాయచూరు జిల్లాలోని తెలుగింటి పిల్లవానికి ఆ పెట్టె ఇంటిభాషలో మాటలాడలేదు. ప్రసారము సరిహద్దును చూచి నడచినది.

ఆ సరిహద్దు 2020లో తొలగినది. అంతకుముందే, 2006 నాటి తమిళ అభ్యసన చట్టముతో ఒకటవ తరగతి మొదలు క్రమముగ తమిళము నిర్బంధ పాఠ్యమైనందున, తమిళనాట తెలుగుబోధ మరింతగా ఇంటిమీద పడియుండెను. 2011 జనాభా లెక్కలలో ఆ రాష్ట్రమున తెలుగు మాతృభాషగా చెప్పుకొన్నవారు సుమారు 42 లక్షలు, కర్ణాటకమున 35 లక్షలకు పైగా. 2020 మార్చిలో మహమ్మారివలన బడులు మూతపడినప్పుడు తమిళనాట కల్వి దూరదర్శనమును, తెలంగాణమున టీ-శాట్‌ను, దూరదర్శన్ యాదగిరియు పాఠములు ప్రసారము చేసినవి. టీ-శాట్ పాఠము ఫోనులో హోసూరునకును షోలాపురమునకును సమానముగ అందినది. బోధన ఎట్లున్నదను మాట అటుంచి, తెలుగు లిపిని బోధించు గురువు పొరుగునాటి ఇంటిలోనికి రుసుము లేక వచ్చుట ఇదివరకెరుగని భాగ్యము.

అక్షరము ఎక్కడ మొదలై ఎట్లు తిరిగి ఎక్కడ ముగియునో కదలు బొమ్మ చూపినంత చక్కగ అచ్చుపుస్తకము చూపలేదు. తమిళమున క, ఖ, గ, ఘలకు ఒకే అక్షరము గనుక అచ్చట చదువు పిల్లవానికి ఈ నాలుగు ధ్వనుల భేదమును వినిపించుటకు వీడియో మిక్కిలి ఉపకరించును. కన్నడ దేశమున పని ఇంకను సులభము. కన్నడ తెలుగు లిపులకు దగ్గరి పోలిక గలదు. అట్టముక్కలపై ఒక్కొక్క అక్షరమును రెండు లిపులలో వ్రాసి జతలు కలుపు ఆట ఆడించినచో, తలకట్టు తేడా తప్ప అధికభాగము పిల్లలే పోల్చుకొందురు. నేను ఇట్లు ఆడించి చూచితిని. పది దినములలో బళ్లారినుండి వచ్చిన బంధువుల పిల్ల అంగడి పలకలు చదువ మొదలుపెట్టినది.

నష్టముకూడ ఇందే ఉన్నది. గుంటలాటకు ఎదుట ఒకరు కూర్చొననిదే ఆట లేదు. వీడియోకు ఎవరును అక్కరలేదు. పిల్లవానికి ఫోను ఇచ్చి పెద్దలు లేచిపోవుదురు. కాంప్‌బెల్ చెప్పిన చిలుక మరల వచ్చును. అంతకన్న చిక్కు మరియొకటి గలదు. మా ఇంట ఒక సాయంకాలము మా మనుమరాలు వీడియో చూచుచుండగా మా అమ్మ శెనిక్కాయలు ఒలుచుచు ఆ పేరే పలికినది. పిల్ల తల యెత్తి, ‘అవ్వా, ఫోన్లో అట్ల చెప్పలే. వేరుశనగ అనాల’ అన్నది. ముసలామె ఏమియు అనలేదు. మరి రెండు దినములు ఆ పిల్లతో మాటలాడునప్పుడు తమిళమే వాడినది. మూడువందల యేండ్లు నిలిచిన మాటను ఆరేండ్ల పిల్ల ఒక్క క్షణమున తప్పని తీర్మానించినది. దోషము పిల్లది కాదు; వీడియోది కూడ కాదు. ఆ వీడియోలో మా అవ్వవంటి గొంతు లేదు.

మూడవనాడు మా కోడలు వామనగుంటల పీటను దింపి, ఫోనును అటకవాసమునకు కట్టి, అమ్మను పిల్లను ఎదురెదురుగ కూర్చుండబెట్టినది. అమ్మ గింజలు విడుచుచు ఎంచిన ఎంచుటయు, పిల్ల ఓడినప్పుడు చేసిన ఎగతాళియు, నడుమ పెట్టిన శెనిక్కాయల పళ్లెమును అన్నియు అందు పడినవి. పన్నెండు నిముషముల ఆ వీడియోను షోలాపురములోని మా వియ్యాలవారికి పంపితిమి. వారింటి పిల్లవాడు అది రెండుసార్లు చూచి, మొదట అడిగిన ప్రశ్న ఆటను గూర్చి కాదట: ‘ఆ అవ్వ ఆ కాయల్ని ఏమంటుంది? ఇంకోసారి పెట్టు.’